వెనక్కొస్తాదా సారు

పుంగనూరులో ఆదినారాయణ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. వెనక్కొస్తాదా సారు ఇల్లెక్కడ అని అడగాలి. అప్పుడు బస్టాండులో పూలమ్మే ఆమె కూడా పూలు వదిలేసి లేచి, చెయ్యి చాపి సందు చూపిస్తుంది. ఆ పేరు పెట్టింది బడిపిల్లలు. పిల్లలు పెట్టిన పేరు పచ్చబొట్టుతో సమానం, గీకినా పోదు.

ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టరు. యాభై దాటిన మనిషి, పొట్ట కొంచెం, కోపం కొంచెం, గొంతు మాత్రం చాలా. పదార్థాల్లో మార్పులు అనే పాఠం వచ్చిందంటే ఆయనకు పండగే. ఆరోజు ఇంట్లోంచి సంచి నిండా సామాన్లు మోసుకుపోతాడు. నెయ్యి గిన్నె, మైనపొత్తి, అగ్గిపెట్టె, తుప్పు పట్టిన మేకు, ముందురోజు మిగిలిన పెరుగు అన్నీ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటే ఎత్తి చూపించి, "వెనక్కొస్తాదా?" అని గద్దిస్తాడు. నెయ్యి కరిగింది, మళ్ళీ పేరుకుంది. వస్తాది! అయితే భౌతిక మార్పు. అగ్గిపుల్ల కాలి బూడిదైంది. రాదు! అయితే రసాయన మార్పు. పిల్లలు గొంతు చించుకుని అరుస్తుంటే పక్క క్లాసు తెలుగు పంతులు తలుపు మూసుకుంటాడు.

పాఠం బడిలోనే ఆగి ఉంటే గొడవ లేదు. ఆయన ఆగనిచ్చేవాడు కాదు. మంగలి కుర్చీలో కూర్చుని, కింద పడిన జుట్టును చూసి, "ముక్కలైనా జుట్టు జుట్టే. భౌతిక మార్పు" అనేవాడు. హోటల్లో పెనం దగ్గర నిలబడి, "ఈ దోసె మళ్ళీ పిండవుతాదా?" అని అడిగితే, "కాదు సార్. మీరు చెప్పిన ఆర్డరు కూడా వెనక్కి పోదు, కూకోండి" అని హోటలాయన అనేవాడు. చావు పలకరింపుకు పోయినప్పుడు మాత్రం ఆయన భార్య నవనీత పక్కనే కూర్చునేది, గిల్లడానికి చెయ్యందే దూరంలో.

ఒకసారి హెలెన్ అనే పిల్ల క్లాసులో లేచి నిలబడింది. మిషన్ ఆసుపత్రి నర్సమ్మ కూతురు. ఆ పిల్ల లేచిందంటే ఏదో ఒకటి ఉంటుంది.

"సార్, ఎండుమిరపకాయల్ని మిల్లులో ఆడిస్తే పొడి అయితాది గదా. ఆ పొడి వెనక్కి మిరపకాయ అయితాదా?"

"కాదు."

"అట్లయితే రసాయన మార్పా సార్?"

"కాదు. పొడైనా కారం కారమే గదా. భౌతిక మార్పే."

"మల్ల వెనక్కి రాలేదే సార్?"

సరిగ్గా అప్పుడే గంట కొట్టారు. అంత కమ్మటి గంట ఆయన సర్వీసులో వినలేదు. తెలియక కాదు. కొత్త పదార్థం పుడితేనే రసాయన మార్పు, వెనక్కి రావడం రాకపోవడం కొండగుర్తు మాత్రమే అని ఆయనకు బాగా తెలుసు. కానీ ఆ మాటలో దరువు లేదు. "కొత్త పదార్థం పుట్టిందా?" అని గద్దిస్తే పిల్లలు ఆవలిస్తారు. "వెనక్కొస్తాదా?" అంటే బెంచీలు ఎగురుతాయి. నోటికి రుచి మరిగిన మాటను మానడం బీడీ మానడం కంటే కష్టం.

ఆ మాటే ఒకనాడు ఆయన కొంప ముంచింది.

ఆదినారాయణకు ఒక్కతే అక్క, మునీశ్వరి. ఇద్దరూ మదనపల్లెలో పుట్టి పెరిగారు. అక్కను కుప్పానికి ఇచ్చారు. ఆమె బీమా ఏజెంటు. మాట్లాడటమే ఆమె బతుకుతెరువు. రాంగ్ నంబరు ఫోనొచ్చినా సరే, అవతలి మనిషి పిల్లల చదువుల దాకా అడిగి తెలుసుకుని గానీ పెట్టేది కాదు. కుప్పంలో రైలెక్కి బెంగుళూరులో దిగేలోపు బోగీలో సగం మందికి భవిష్యత్తు మీద భయం, ఆ వెంటనే ధైర్యం రెండూ కలిగించగలదు.

రెండేళ్ళ కిందట ఆమె కుప్పంలో కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పాలు పొంగించే గిన్నె పుట్టింటివాళ్ళు తేవాలని వాళ్ళలో ఆనవాయితీ. అమ్మానాన్నలు లేరు కాబట్టి ఆ పని తమ్ముడిది. ఆదినారాయణ మదనపల్లె ఇంటి అటక మీద నుంచి అమ్మ వాడిన ఇత్తడి గిన్నెను దించాడు. నల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంది. నవనీత తోముతానంటే ఒప్పుకోలేదు. కుప్పంలో కొత్తింటి పెరట్లో కూర్చుని, చుట్టాల పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, నానబెట్టిన చింతపండుతో లోపలా బయటా తానే రుద్దాడు. "చిలుము యాడికి పోయింది సూడండి. ఇది రసాయన మార్పు" అని పాఠం చెబుతూ రుద్దాడు. గిన్నె బంగారంలా మెరిసింది. ఆ మెరుపు చూసి మురిసిపోతూ, చెంబెడు నీళ్ళు పైపైన కుమ్మరించి, పొయ్యి దగ్గరకు పంపించేశాడు.

ముహూర్తానికి పాలు పోశారు. ఇల్లంతా పొయ్యి చుట్టూ మూగింది. పాలు పొంగే బదులు ముక్కలు ముక్కలుగా విరిగి, పచ్చటి నీళ్ళు పైకి తేలాయి. కొత్త ఇంట్లో మొదటి పొయ్యి మీద పాలు విరగడం మంచిది కాదని అందరికీ తెలుసు, అనడానికి ఎవరికీ మనసు రాలేదు. మునీశ్వరి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఒక ముసలామె మెల్లగా, "ఏం పర్వాలేదమ్మా, ఇంగో గిన్నె పెట్టండి" అంది.

అక్కడితో అయిపోయేది. కానీ అంతమంది గుంపుగా, నిశ్శబ్దంగా, ఒకే గిన్నె వైపు చూస్తుంటే ఆదినారాయణకు క్లాసు గుర్తొచ్చింది.

"ఇది రసాయన మార్పు" అన్నాడు గొంతెత్తి. "ఎంత కలిపినా, ఏం జేసినా వెనక్కి రాదు. యాల విరిగినాయి? పులుపు తగిలింది. గిన్నె సరిగ్గా కడగలేదు. ఎవురు కడిగినారు ఈ గిన్నె?"

అడిగేశాక గుర్తొచ్చింది ఎవరు కడిగారో.

అప్పుడైనా నోరు మూసుకున్నాడా అంటే లేదు. గోతిలో పడినవాడు ఇంకాస్త తవ్వుకున్నట్టు, "అదేం కాదులే, పాలల్లోనే ఏదో ఉండాది" అని, గుమ్మంలో నిలబడ్డ పాలతన్ని నాలుగు దులిపాడు. మునీశ్వరి తమ్ముడి వైపు ఒక్కసారి చూసింది. ఆ విరిగిన పాలలోనే బెల్లం వేసి, దగ్గరికి ఉడికించి, వచ్చినవాళ్ళందరికీ తలా ఒక ఉద్ధరిణెడు పెట్టింది. తమ్ముడికి పెట్టలేదు. ఆయన కూడా రోషపడి భోజనం చెయ్యకుండా బస్సెక్కేశాడు. వి.కోట దాటాక ఆకలేసింది. అదంతా ఆయన స్వయంకృతం, మనం జాలి పడనక్కర్లేదు.

అప్పటి నుంచి మునీశ్వరి తమ్ముడితో మాట మానేసింది. అందరితో మాట్లాడే మనిషి ఒక్కరితో మానేస్తే ఆ ఒక్కరికి ఎట్లా ఉంటుందో చూడండి. వారం వారం ఫోను చేసేది, కానీ నవనీతకు. ఆదినారాయణ పక్కనే కూర్చుని వినేవాడు. "ఆడుండే ఆయన బీపీ మాత్రలు మింగుతా ఉండాడా?" అని అడిగేది. "మింగుతాండానక్కా" అని ఆయన అరిస్తే, "ఏందో రొద వస్తాంది నవనీతా, టీవీ ఆపు" అనేది. ఆయన కిటికీ దగ్గరకు పోయి నిలబడేవాడు. అమ్మ పోయాక ఆయన్ను 'ఆదీ' అని పిలిచే గొంతు లోకంలో అదొక్కటే. అది వినబడక రెండేళ్ళవుతోంది. వేరే ఏ మాటా ఆయనకు అక్కర్లేదు, అదొక్కటి చాలు.

"చెప్పేస్తే పోలా?" అంది నవనీత ఒకరోజు. "గిన్నె కడిగింది నేనే అని ఒక్క మాట."

"ఇప్పుడు చెప్తే ఏమొస్తాది? విరిగిన పాలు వెనక్కొస్తాయా?"

"మీ నోట్లోంచి ఆ మాట ఊడిపోను" అంది నవనీత.

అట్లా ఉండగా మునీశ్వరి కూతురు అనూషకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది మదనపల్లె, టమోటా మండీ ఉంది. పత్రిక ఇవ్వడానికి మునీశ్వరి భర్త రామమూర్తి పుంగనూరు వచ్చాడు. మునీశ్వరి కూడా వచ్చింది, కానీ కారు దిగలేదు. "కాళ్ళ నొప్పులంట" అన్నాడు రామమూర్తి, అబద్ధం చెప్పడం చేతగాక నేల చూపులు చూస్తూ. నవనీత కాఫీ తీసుకుని కారు దగ్గరకు పోయింది. ఆదినారాయణ గేటు పట్టుకుని నిలబడ్డాడు. కారు అద్దంలోంచి అక్క జడలో పూలు కనిపించాయి, మొహం కనిపించలేదు.

ఎంత కోపమున్నా మేనమామ లేకుండా పెళ్ళి జరగదు. తెల్ల నూలుచీరను మేనమామ తన చేతులతో పసుపులో ముంచి తెస్తే, పెళ్ళికూతురు మంగళస్నానం తర్వాత ముందుగా ఆ చీరే కట్టాలి. ఆదినారాయణ ఆ చీరకు పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. పసుపు కొమ్ములు తెప్పించి దంచించాడు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని, ఇంట్లో సబ్బులన్నీ ఎత్తి అటక మీద పెట్టించాడు. నవనీత అంట్లు బూడిదతో తోముకుంది. చీర ఆరాక చూస్తే ఒక్క మరక లేకుండా చేమంతిపువ్వులా ఉంది.

"ఇది చూసైనా పలకరిస్తాది" అన్నాడు.

"చీర చూసి చీరను పలకరిస్తాది" అంది నవనీత.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం ఎండగా ఉన్నప్పుడే కుప్పంలో కల్యాణమండపం చేరారు. మేనమామ చీరతో వచ్చాడంటే పెళ్ళికూతురి తల్లే గుమ్మంలో ఆరతి ఇచ్చి లోపలికి పిలవాలి. ఆదినారాయణ చీరను తాంబాళంలో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, గుమ్మం ముందు నిలబడ్డాడు. మునీశ్వరి పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలుపుకుని వచ్చింది. పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడతాయని తెలియని ఇల్లుంటుందా. అందరూ చూస్తున్నారు. తిప్పాలి, తప్పదు. కానీ తమ్ముడి మొహం చూడకూడదని ఒట్టు పెట్టుకున్న మనిషి. మెడ పక్కకు తిప్పుకుని, గోడ మీది పెయింట్ల కంపెనీ క్యాలెండరును చూస్తూ, పళ్ళెం తిప్పడం మొదలుపెట్టింది.

ఆరతి క్యాలెండరుకే అందింది. పళ్ళెం తాంబాళం అంచుకు తగిలి వొరిగింది. ఎర్రనీళ్ళు చీర మీద పడ్డాయి.

"అయ్యో!" అన్నారు అమ్మలక్కలు. చేమంతిపువ్వు లాంటి చీర నడిమధ్యలో అరచేతి వెడల్పున ఎర్రటి మరకలు పాకుతున్నాయి. "రగతం మాదిరి ఉండాదే తల్లీ" అని ఎవరో అన్నారు. "ఈ ఇంట్లో ఏ శుభానికైనా ఇట్లనే అయితాదే" అని ఇంకెవరో గొణిగారు. అనూష లోపలి నుంచి తొంగి చూసి, చీరనూ తల్లినీ చూసి పెదవి కొరుక్కుంది. మునీశ్వరి చేతిలో ఖాళీ పళ్ళెం మిగిలింది. ఈసారి చెయ్యి జారింది ఆమెది. అందరూ చూశారు.

మళ్ళీ అదే గుంపు, అదే నిశ్శబ్దం. అందరి చూపూ ఒకే మరక మీద. ఆదినారాయణ గొంతులో పాఠం పొంగుకొచ్చింది. పసుపూ సున్నమూ కలిసిన చోట రంగెందుకు మారుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి క్లాసు జన్మలో దొరకదు. ఇది రసాయన మార్పు అనే మాట నాలుక చివరి దాకా వచ్చి నిలబడింది. నవనీత చెయ్యి ఆయన మోచేతి దగ్గరకు వచ్చింది. గిల్లే పని లేకపోయింది.

"నా తప్పే అక్కా" అన్నాడు. "తాంబాళం సరిగ్గా పట్టుకోలేదు నేను."

ఆయన తాంబాళం స్తంభంలా పట్టుకుని ఉన్నాడని ఊరందరికీ కనబడింది. మునీశ్వరి క్యాలెండరు మీద నుంచి చూపు తిప్పి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి తమ్ముడి మొహం చూసింది.

"ఏం గాదు, పోతాది" అన్నాడాయన హడావుడిగా. "కొంచెం పులుపు తగిలితే చాలు. నవనీతా, వంటోళ్ళ దగ్గర నిమ్మకాయలుండాయేమో సూడు."

నవనీత పోయి వచ్చింది. "నిమ్మకాయలన్నీ చిత్రాన్నానికి పిండేసినారంట. చింతపండైతే ఎంత గావల్నో అంత ఉండాదంట."

చింతపండు మాట వినగానే ఆదినారాయణ చెవులు ఎర్రబడ్డాయి. చీర తీసుకుని వెనకవైపు కొళాయి దగ్గరకు నడిచాడు. గుంపంతా ఆయన వెనకే. చొక్కా చేతులు మడిచి, చింతపండు పిసికి, పల్చటి గుడ్డలో వడగట్టి, ఆ నీళ్ళను మరక మీద అద్దాడు. ఎరుపు అంచుల నుంచి వెనక్కి తగ్గుతూ వచ్చింది. కళ్ళెదుటే మళ్ళీ పసుపు తేలింది. ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద నుంచి ఒకరు తొంగి చూశారు. పెళ్ళికూతురు చప్పట్లు కొట్టింది.

"ఏమప్పా" అన్నాడు రామమూర్తి, ఇంతకాలానికి దొరికాడు కదా అని. "ఎర్రగా మారేది రసాయన మార్పేనా?"

"రసాయన మార్పే బావా."

"మల్ల వెనక్కొచ్చిందే? రాదంటివే?"

అందరూ నవ్వారు. ఆదినారాయణ తల గోక్కోబోయి, చేతికి చింతపండు ఉందని ఆగిపోయాడు.

"కొన్ని వస్తాయి బావా" అన్నాడు. "దానికి తగింది తగిలిస్తే వస్తాయి. ఇన్నాళ్ళూ నేను పాఠం సగమే చెప్తా ఉండాను."

చీర పిండి లేవబోయాడు. వెనక నుంచి వినిపించింది.

"ఆదీ."

చీర పట్టుకున్న చేతులు అట్లాగే ఆగిపోయాయి.

"పులుపు దాంట్లోనే ఉండిపోతాది" అంది మునీశ్వరి. "ఈసారన్నా సరిగ్గా కడుగు."

ఆయన తిరిగి చూశాడు. అక్క మొహంలో నవ్వు లేదు, కోపం కూడా లేదు.

"నీకు తెలుసా అక్కా?"

"ఆ పొద్దే తెలుసు. గిన్నె అడుగున చింతపండు పీచు అట్లే అంటుకోనుండె."

"మరి యాల చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని సూస్తా ఉంటి. అమ్మ గిన్నె గదా, వాడే తోమినాడు గదా, వచ్చి అక్కా పొరపాటైపోయింది అంటాడులే అనుకుంటి. నువ్వేమో పాలాయన్ని పట్టుకుని తిడితివి. పాలు విరిగినందుకు కాదురా నాకు ఏడుపొచ్చింది."

ఆదినారాయణకు దుఃఖం ఆగలేదు. యాభై దాటిన మనిషి, మండపం వెనక, వంటవాళ్ళందరూ చూస్తుండగా ఏడ్చేశాడు. ఏడ్చినవాడు ఊరుకోక చింతపండు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. దాంతో మంటకు గంతులేశాడు. మునీశ్వరి చెంబుతో నీళ్ళు తెచ్చి, తమ్ముడి తల వంచి, చిన్నప్పటిలాగే మెడ మీద ఒకటి చరిచి మొహం కడిగింది. ఇక అక్కడి నుంచి ఆమె నోరు మూతపడలేదు. బీపీ మాత్రలు, పొట్ట, నవనీత మీద అరవడం, బడిలో పిల్లల మీద అరవడం, బీమా కాగితాల్లో సంతకం పెట్టకపోవడం, రెండేళ్ళ సరుకంతా ఒక్క గంటలో దించేసింది. ఆయన "ఊ" కొట్టాడు. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. చీర మాత్రం ఆమె చెప్పినట్టు మంచినీళ్ళలో మళ్ళీ మళ్ళీ జాడించి, ఎండలో కొస పట్టుకుని నిలబడి ఆరబెట్టాడు.

సాయంత్రం విందులో పుట్టింటివాళ్ళను ముందు కూర్చోబెట్టారు. చిత్రాన్నం వచ్చింది, ఓళిగలు వచ్చాయి. వడ్డించేవాళ్ళ వెనక మునీశ్వరి ఒక చిన్న గిన్నె తానే పట్టుకుని వచ్చింది. ఆదినారాయణ ఆకులో ఒక గరిటె వేసింది. ఇంకెవరి ఆకులోనూ వెయ్యలేదు.

ఆయన వంగి చూశాడు. విరిగిన పాలు, బెల్లం, దగ్గరికి ఉడికి, చల్లారి గట్టిపడి ఉంది. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. సైన్సు మాస్టరు కదా. ఇంత చల్లారి ఇంత బిగుసుకోవాలంటే ఒకటీ రెండూ గంటల్లో అయ్యే పని కాదు. చీర మీద మరక పడింది ఇందాక మధ్యాహ్నమే.

"అక్కా, ఇది ఎప్పుడు జేసినావు?"

"నిన్ననే" అంది మునీశ్వరి, పక్క ఆకు వైపు చూస్తూ. "నిమ్మరసం పిండి నేనే విరగ్గొడితి. ఆ పొద్దు తినకుండా పోయినావే, వచ్చినప్పుడు పెడదామని."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, వేసిందంతా తినేశాడు. నవనీత మంచినీళ్ళ గ్లాసు జరిపింది.

మునీశ్వరి గరిటె చేత్తో పట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏమప్పా సారూ, చెప్పు. ఇది వెనక్కొస్తాదా?"

పంక్తి అంతా తినడం ఆపి ఆయన వైపు చూసింది. ఆదినారాయణ గిన్నె అడుగు వైపు ఒకసారి, అక్క మొహం వైపు ఒకసారి చూశాడు.

"తిన్నాక యాడొస్తాదక్కా" అన్నాడు. "ఇంగొంచెం ఎయ్యి."